ఫోన్ రెండు రోజుల్లో వస్తుంది, తెలుగు పుస్తకానికి పది రోజులు ఎందుకు? ఆన్‌లైన్ బుక్ స్టోర్ల గోడౌన్ లెక్కలు, విజయనగరం నుంచి చూస్తే

కొత్త ఫోన్ ఆర్డర్ పెడితే విజయనగరానికి రెండు మూడు రోజుల్లో వచ్చేస్తోంది. అదే రోజు ఒక తెలుగు కథల పుస్తకం ఆర్డర్ పెట్టి చూడండి. వారం, పది రోజులు పడుతుంది. ఒక్కోసారి నాలుగో రోజున "స్టాక్ లేదు, మీ డబ్బు వెనక్కి వేస్తున్నాం" అని మెసేజ్ వస్తుంది. నాకు ఇలా చాలాసార్లు జరిగింది. ఫోన్ల రివ్యూలు చదవడానికి వచ్చే మీలో చాలామంది కూడా నన్ను ఇదే అడిగారు: ఇంత టెక్నాలజీ ఉండి, రెండొందల రూపాయల పుస్తకం దగ్గర ఎందుకు తడబడుతున్నారు?

ఇది ఒక్క సైట్ తప్పు కాదు. పుస్తకం అనే వస్తువు లెక్కే వేరు. ఆ లెక్క తెలిస్తే ఏ సైట్ లో ఏ పుస్తకం ఆర్డర్ పెట్టాలో మీకే అర్థం అవుతుంది. మన ఊళ్ళో చిన్న ఆన్‌లైన్ బుక్ స్టోర్ పెట్టాలనుకునే కుర్రాళ్ళకి కూడా ఇది పనికొస్తుంది. ఈ ఆర్టికల్ లో గోడౌన్, స్టాక్, బార్‌కోడ్, పోస్టు, గాడ్జెట్స్ అన్నీ ఒక్కొక్కటిగా చూద్దాం.

ఫోన్ కి, పుస్తకానికి తేడా ఎక్కడ?

ముందు బరువు లెక్క. 15,000 రూపాయల ఫోన్ బాక్స్ తో కలిపి సుమారు 400 గ్రాములు ఉంటుంది అనుకుందాం. అంటే కిలోకి 37,500 రూపాయల సరుకు.

ఇప్పుడు పుస్తకం. మామూలు తెలుగు నవల సైజు, అంటే డెమ్మీ సైజులో 200 పేజీలు. 200 పేజీలంటే 100 కాగితాలు. 70 జీఎస్ఎం పేపర్ అయితే ఒక్కో కాగితం రెండు గ్రాములకి కొంచెం పైన. అట్టతో కలిపి మొత్తం 230 గ్రాములు. ధర 200 రూపాయలు అనుకుంటే, కిలోకి సుమారు 870 రూపాయలు. అంటే అదే కిలో బరువు మోసినందుకు ఫోన్ లో ఉన్న విలువ పుస్తకంలో ఉన్నదానికి 40 రెట్ల పైమాటే.

ఇక్కడే అసలు విషయం ఉంది. ఫోన్ కి ఎక్స్‌ప్రెస్ కొరియర్ చార్జీ వంద రూపాయలైనా కంపెనీకి పెద్ద లెక్క కాదు. పుస్తకానికి అదే వంద అంటే సగం ధర. అందుకే పుస్తకం విమానం ఎక్కదు, బస్సో రైలో ఎక్కుతుంది.

రెండో తేడా రకాల సంఖ్య. ఒక ఫోన్ బ్రాండ్ ఏడాదికి పదో ఇరవయ్యో మోడల్స్ తెస్తుంది. అవే వేల సంఖ్యలో అమ్ముడవుతాయి. పుస్తకాలు అలా కాదు. టైటిల్స్ లక్షల్లో ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం నెలకి ఒకటో, ఏడాదికి రెండో అమ్ముడవుతాయి. దీన్ని "లాంగ్ టెయిల్" అంటారు. 2004 లో వైర్డ్ మ్యాగజైన్ లో క్రిస్ ఆండర్సన్ రాసిన వ్యాసంతో ఈ మాట బాగా ప్రచారంలోకి వచ్చింది. తోక చాలా పొడుగు, కానీ సన్నం అన్నమాట.

మూడో తేడా మన ఫోన్ ప్రియులకి తెలిసిందే. ఫోన్ ఆరు నెలల్లో పాతబడుతుంది, కాబట్టి కంపెనీలు స్టాక్ త్వరగా ఖాళీ చేస్తాయి. పుస్తకం పాతబడదు. చాసో కథలు ఈ ఏడాది కొన్నా, పదేళ్ళ తర్వాత కొన్నా అవే కథలు. అది పాఠకుడికి మంచిదే కానీ గోడౌన్ వాడికి తలనొప్పి. పాతబడదు కాబట్టి పారెయ్యలేడు, అమ్ముడవదు కాబట్టి చోటు ఖాళీ అవదు.

కొంచెం హిస్టరీ: లైకెన్ పుస్తకం, మహబూబ్‌నగర్ ఆర్డర్

అమెజాన్ 1995 లో అమ్మకాలు మొదలుపెట్టినప్పుడు అమ్మింది పుస్తకాలే. మొదట్లో వాళ్ళ దగ్గర స్టాక్ పెద్దగా లేదు. ఆర్డర్ వచ్చాక హోల్‌సేల్ వాళ్ళ దగ్గర కొని పంపేవాళ్ళు. ఇబ్బంది ఏంటంటే, హోల్‌సేల్ వాళ్ళు కనీసం పది పుస్తకాలు ఆర్డర్ పెట్టాలనేవారు. అప్పుడు వేసిన ఎత్తు గురించి జెఫ్ బెజోస్ చాలా చోట్ల చెప్పాడు. కావలసిన పుస్తకం ఒకటి, దాంతోపాటు హోల్‌సేల్ వాళ్ళ దగ్గర స్టాక్ లేని లైకెన్ల మీద పుస్తకం తొమ్మిది కాపీలు ఆర్డర్ పెట్టేవాళ్ళు. లైకెన్లు అంటే రాళ్ళ మీద, చెట్ల మీద పాకే ఒకరకం జీవులు. అవతలి వాళ్ళు ఉన్న ఒక్కటీ పంపి, మిగతా తొమ్మిది లేవని చెప్పేవారు.

మన దేశంలో ఫ్లిప్‌కార్ట్ కథ కూడా ఇలాగే మొదలైంది. 2007 లో సచిన్ బన్సాల్, బిన్నీ బన్సాల్ బెంగళూరులో పుస్తకాలతోనే మొదలుపెట్టారు. వాళ్ళకి వచ్చిన మొదటి ఆర్డర్ మన తెలుగువాడిదే, అప్పటి ఆంధ్రప్రదేశ్ లోని మహబూబ్‌నగర్ నుంచి. పుస్తకం పేరు "లీవింగ్ మైక్రోసాఫ్ట్ టు చేంజ్ ది వరల్డ్", రాసింది జాన్ వుడ్. ఆ పుస్తకం వాళ్ళ దగ్గర లేదు. బెంగళూరు షాపుల్లో వెతికి, దొరికాక కొని పంపారు.

ఈ రెండు కథల్లో ఉన్న పాఠం ఒకటే. వెబ్‌సైట్ లో పుస్తకం కనిపించడం వేరు, గోడౌన్ లో పుస్తకం ఉండడం వేరు. మీ పది రోజుల ఆలస్యం పుట్టేది ఈ రెండింటి మధ్యే.

ఆన్‌లైన్ బుక్ స్టోర్ నడిపే నాలుగు పద్ధతులు

1. సొంత స్టాక్. పుస్తకాలు ముందే కొని పెట్టుకోవడం. ఆర్డర్ రాగానే అదే రోజు పంపొచ్చు. కానీ డబ్బు ఇరుక్కుపోతుంది. ఒక లెక్క చూద్దాం. 200 రూపాయల పుస్తకం మీద పబ్లిషర్ 35 శాతం కమీషన్ ఇచ్చాడనుకుంటే, మీకు పడేది 130 రూపాయలు. వెయ్యి పుస్తకాలు పెట్టాలంటే 1,30,000 రూపాయలు. ఒక్కటి కూడా అమ్మకముందే పెట్టాల్సిన డబ్బు ఇది.

2. ఆర్డర్ వచ్చాక తెప్పించడం. స్టాక్ ఖర్చు ఉండదు. తెలుగు పబ్లిషర్లు ఎక్కువగా విజయవాడ, హైదరాబాద్ లలో ఉన్నారు. విజయవాడ మనకి సుమారు 400 కిలోమీటర్లు. పుస్తకం పబ్లిషర్ దగ్గర నుంచి స్టోర్ కి, స్టోర్ నుంచి మీకు, అంటే రెండు ప్రయాణాలు. పైగా పబ్లిషర్ దగ్గర కాపీలు అయిపోయినట్టు ఆ రోజు వరకూ వెబ్‌సైట్ కి తెలియదు. "స్టాక్ లేదు" మెసేజ్ ఎక్కువగా ఇక్కడి నుంచే వస్తుంది.

3. మార్కెట్‌ప్లేస్ గోడౌన్. విదేశీ పెట్టుబడి ఉన్న మార్కెట్‌ప్లేస్ లు మన దేశంలో సొంత సరుకు పెట్టుకుని నేరుగా కస్టమర్ కి అమ్మకూడదు. ఈ రూల్స్ ని 2019 ఫిబ్రవరి నుంచి ఇంకా గట్టిగా చేశారు. అందుకే గోడౌన్ వాళ్ళది, సరుకు వేరే సెల్లర్ ది. సెల్లర్ తన పుస్తకాలు ఆ గోడౌన్ లో పెట్టి అద్దె, ఫీజులు కడతాడు. డెలివరీ స్పీడ్ గా ఉంటుంది. కానీ ఏడాదికి రెండు కాపీలు అమ్ముడయ్యే పుస్తకానికి ఏ సెల్లర్ అయినా నెలనెలా అద్దె కడతాడా? కట్టడు. కాబట్టి బెస్ట్ సెల్లర్లు అక్కడ ఉంటాయి, మన చిన్న పబ్లిషర్ల పుస్తకాలు ఉండవు.

4. ఆర్డర్ వచ్చాక ప్రింట్ చెయ్యడం. ప్రింట్ ఆన్ డిమాండ్ అంటారు. గోడౌన్ లో ఉండేది ఫైల్ మాత్రమే. ఆర్డర్ వస్తే ఒక కాపీ ప్రింట్ అవుతుంది. తెలుగులో ఒక ఎడిషన్ అంటే ఐదొందలు, వెయ్యి కాపీలు వేసే అలవాటు ఎక్కువ. వెయ్యి కాపీలు వేస్తే ఒక్కో కాపీ ఖర్చు తగ్గుతుంది, ఒక్కటే వేస్తే బాగా పెరుగుతుంది. కానీ అమ్ముడవని 700 కాపీలు రచయిత ఇంట్లో మంచం కింద ఉండే బాధ తప్పుతుంది. అవుట్ ఆఫ్ ప్రింట్ పుస్తకాలకి ఇదే సరైన దారి అని నా అభిప్రాయం.

వీటికి తోడు ఈబుక్ ఉంది. 2010 లో మొదలైన కినిగె లాంటి సైట్ తెలుగు ఈబుక్స్ అమ్మింది. గోడౌన్ అవసరమే లేదు. కానీ కాగితం పుస్తకమే కావాలనే పాఠకులు తెలుగులో ఇంకా చాలామంది ఉన్నారు. మా ఇంట్లోనే మా అమ్మ ట్యాబ్ లో చదవమంటే చదవదు.

ఐఎంఈఐ లాగే ఐఎస్‌బీఎన్, కానీ ఒక తేడా

ఫోన్ లో స్టార్ హ్యాష్ జీరో సిక్స్ హ్యాష్ కొడితే 15 అంకెల ఐఎంఈఐ నంబర్ వస్తుంది కదా. పుస్తకం వెనక అట్ట మీద బార్‌కోడ్ కింద ఉండే 13 అంకెల నంబర్ ఐఎస్‌బీఎన్. 2007 జనవరి 1 కి ముందు అది 10 అంకెలే ఉండేది. ఇప్పుడు 978 తో మొదలై, తర్వాత 81 గానీ 93 గానీ ఉంటే అది మన దేశంలో ఇచ్చిన నంబర్. రెండు నంబర్లలోనూ చివరి అంకె చెక్ కోసమే. మధ్యలో ఒక అంకె తప్పు కొడితే సాఫ్ట్‌వేర్ పట్టేస్తుంది.

తేడా ఏంటంటే, ఐఎంఈఐ ఒక్కో ఫోన్ కి ఒక్కోటి. ఐఎస్‌బీఎన్ మాత్రం ఒక ఎడిషన్ లో ఉన్న అన్ని కాపీలకీ ఒక్కటే. అంటే ఇది ఫోన్ మోడల్ నంబర్ లాంటిది అనుకోండి. అదే నవల అట్ట మెత్తగా ఉంటే ఒక నంబర్, గట్టి అట్ట అయితే ఇంకో నంబర్.

గోడౌన్ మొత్తం ఈ నంబర్ మీదే నడుస్తుంది. కానీ తెలుగు పుస్తకాల్లో చాలావాటికి ఐఎస్‌బీఎన్ ఉండదు. రచయితలు సొంతంగా వేసుకున్నవి, పాత ప్రింట్లు, చిన్న సంస్థల పుస్తకాలు ఇలాంటివే. నంబర్ లేని పుస్తకానికి స్టోర్ వాడు సొంత కోడ్ తయారు చేసుకుని స్టిక్కర్ అంటించాలి. లేకపోతే కంప్యూటర్ కి ఆ పుస్తకం లేనట్టే.

దీనికి మన ఊరి పుస్తకమే మంచి ఉదాహరణ. గురజాడ అప్పారావు గారి కన్యాశుల్కం మొదట ప్రదర్శించింది 1892 లో, విజయనగరంలోనే. అచ్చయింది 1897 లో. తర్వాత 1909 లో బాగా మార్చి, పెంచి రెండో కూర్పు తెచ్చారు. ఇప్పుడు దాన్ని చాలామంది పబ్లిషర్లు వేస్తున్నారు. మరి కస్టమర్ "కన్యాశుల్కం" అని వెతికితే ఏది పంపాలి? మొదటి కూర్పా, రెండోదా? ఇంగ్లిష్ అక్షరాల్లో ఆ పేరుని ఒకరు ఒకలా, ఇంకొకరు ఇంకోలా రాస్తారు. స్పెల్లింగ్ మారితే సెర్చ్ లో పుస్తకమే కనిపించదు. కాబట్టి మంచి స్టోర్ చెయ్యాల్సింది:

- పుస్తకం పేరు తెలుగు లిపిలో పెట్టాలి, ఇంగ్లిష్ స్పెల్లింగులు రెండు మూడు రకాలు కలపాలి.
- ఏ కూర్పు, ఏ పబ్లిషర్, ఎన్ని పేజీలు అనేది విడిగా రాయాలి.
- వెనక అట్ట ఫోటో కూడా పెట్టాలి. ఫోన్ కి స్పెసిఫికేషన్స్ ఎలాగో, పుస్తకానికి ఇవి అలాగ.

గోడౌన్ లోపల ఏం జరుగుతుంది?

మన ఇంట్లో పుస్తకాలు రచయిత పేరు ప్రకారమో, సబ్జెక్ట్ ప్రకారమో సర్దుతాం. లైబ్రరీలో కూడా అంతే. పెద్ద ఆన్‌లైన్ గోడౌన్ లో అలా సర్దరు. ఖాళీ ఉన్న చోట పెట్టేస్తారు. వంటల పుస్తకం పక్కన ఫోన్ కవర్, దాని పక్కన భగవద్గీత ఉండొచ్చు. చూసేవాళ్ళకి గందరగోళం, కానీ కంప్యూటర్ కి ప్రతి అర అడ్రస్ తెలుసు. పెట్టేటప్పుడు అర కోడ్ ఒకసారి, పుస్తకం కోడ్ ఒకసారి స్కాన్ చేస్తారు. తీసేటప్పుడు మళ్ళీ స్కాన్ చేస్తారు.

దీనివల్ల రెండు లాభాలు. మొదటిది, ఖాళీ చోటు వృథా పోదు. అక్షర క్రమంలో సర్దితే కొత్త పుస్తకం వచ్చినప్పుడల్లా వరుస మొత్తం జరపాలి. రెండోది, ఒకేలాంటి పుస్తకాలు పక్కపక్కన లేకపోతే తప్పుడు పుస్తకం తీసే అవకాశం తగ్గుతుంది. ఒకే సిరీస్ లో మొదటి భాగం, రెండో భాగం పక్కపక్కన ఉంటే ఎవరైనా కంగారులో తప్పు తీస్తారు.

చిన్న స్టోర్ కి కూడా ఇదే పద్ధతి సరిపోతుంది. లెక్క చూడండి. 200 పేజీల పుస్తకం మందం సుమారు 1.2 సెంటీమీటర్లు. మూడు అడుగుల అరలో దాదాపు 75 పుస్తకాలు పడతాయి. ఆరు అరల రాక్ లో 450. అంటే వెయ్యి పుస్తకాలకి మూడు రాక్ లు చాలు, ఒక గదిలో పట్టేస్తాయి. మొత్తం బరువు 230 కిలోలు. రాక్ కి ఒక అక్షరం, అరకి ఒక అంకె ఇస్తే సరి. "బి-4" అంటే బి రాక్ లో నాలుగో అర.

ఇంకో చిట్కా ఏబీసీ. బాగా అమ్ముడయ్యేవి ఏ, మధ్యరకం బి, ఎప్పుడో ఒకటి పోయేవి సి. ఏ పుస్తకాలు ప్యాకింగ్ టేబుల్ పక్కనే, నడుము ఎత్తులో పెట్టాలి. సి పుస్తకాలు పై అరలో పెట్టొచ్చు. ఆర్డర్లు వచ్చినప్పుడు ఒక్కోదానికీ లేచి వెళ్ళకుండా, పది ఆర్డర్లు ఒకేసారి ప్రింట్ తీసుకుని ఒక్క రౌండ్ లో అన్నీ ఏరుకుంటే సగం టైం మిగులుతుంది.

ఎన్ని కాపీలు ఉంచాలి?

ఇది గెస్ కొట్టే విషయం కాదు, సింపుల్ లెక్క. ఒక పుస్తకం నెలకి 6 కాపీలు పోతుంది, పబ్లిషర్ నుంచి రావడానికి 10 రోజులు పడుతుంది అనుకుందాం. ఆ 10 రోజుల్లో 2 కాపీలు పోతాయి. ఏదో ఒక వారం ఎక్కువ పోవచ్చు కాబట్టి ఇంకో 2 అదనంగా. అంటే స్టాక్ 4 కి వచ్చిన రోజే కొత్త ఆర్డర్ పెట్టాలి. సున్నా వచ్చాక పెడితే ఆ పది రోజులూ కస్టమర్ వేరే సైట్ కి వెళ్ళిపోతాడు.

ఏడాదికి రెండు పోయే పుస్తకం ఒక్క కాపీ ఉంటే చాలు. ఇక్కడ ఒక మంచి ప్రశ్న వేసుకోండి. వెయ్యి పుస్తకాలకి చోటు ఉంది. వంద టైటిల్స్ పది కాపీల చొప్పున పెట్టాలా, వెయ్యి టైటిల్స్ ఒక్కో కాపీ పెట్టాలా? డబ్బు, చోటు రెండింటికీ ఒక్కటే. ఆ వంద టైటిల్స్ అన్ని సైట్లలోనూ దొరికేవే అయితే, మీరు రేటు తగ్గించి పోటీ పడాలి. అరుదైన టైటిల్స్ అయితే ఆర్డర్లు నెమ్మదిగా వస్తాయి కానీ, వచ్చినవాడు మిమ్మల్ని వదిలి వెళ్ళడు. చిన్న స్టోర్ రెండోవైపు మొగ్గడమే మంచిది అంటాను.

డెలివరీ: పిన్‌కోడ్, బరువు, పోస్టు

మన పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15 న మొదలైంది. మొదటి అంకె 5 అంటే ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక. మొదటి మూడు అంకెలు సార్టింగ్ జిల్లా. విజయనగరానికి 535, శ్రీకాకుళానికి 532. ఇక్కడ మనవాళ్ళకి ఒక ప్రత్యేకమైన తిప్పలు. 2022 ఏప్రిల్ 4 న జిల్లాలు మారినప్పుడు రాజాం విజయనగరం జిల్లాలోకి వచ్చింది. కానీ పిన్ మాత్రం 532 తోనే మొదలవుతుంది. పిన్ ని బట్టి జిల్లా పేరు దానంతటదే నింపే సాఫ్ట్‌వేర్ లు రాజాం వాళ్ళకి శ్రీకాకుళం అని చూపించొచ్చు. పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళిన పాలకొండది కూడా అదే కథ. జిల్లా పేరు ఏదున్నా కంగారు పడకండి, పిన్ కరెక్ట్ గా ఉంటే పార్శిల్ కరెక్ట్ ఆఫీసుకే వెళ్తుంది.

పోస్టు విషయంలో ఈ మధ్య పెద్ద మార్పు జరిగింది. పుస్తకాలకి తక్కువ రేటు ఉండే పాత బుక్ ప్యాకెట్ సర్వీస్ 2024 డిసెంబర్ లో ఆగిపోయింది. చిన్న పబ్లిషర్లు గట్టిగానే అభ్యంతరం చెప్పారు. తర్వాత 2025 మే 1 నుంచి "జ్ఞాన్ పోస్ట్" వచ్చింది. 300 గ్రాముల వరకూ 20 రూపాయలు, 5 కిలోల వరకూ 100 రూపాయలు, ట్యాక్స్ అదనం. ట్రాకింగ్ ఉంది. రోడ్డు, రైలు మార్గంలోనే వెళ్తుంది. పుస్తకం మీద పబ్లిషర్ లేదా ప్రింటర్ పేరు ఉండాలి. పత్రికల్లాంటివి తీసుకోరు.

ఇప్పుడు పై బరువు లెక్క గుర్తు తెచ్చుకోండి. 200 పేజీల పుస్తకం 230 గ్రాములు. తేలిక కవర్ లో ప్యాక్ చేస్తే 300 లోపు ఉంటుంది. మందపాటి అట్టపెట్టెలో పెడితే దాటిపోతుంది. 300 పేజీల పుస్తకం ఎలాగూ 335 గ్రాములు, పై స్లాబ్ లోకే వెళ్తుంది. పది గ్రాముల ప్యాకింగ్ కూడా లెక్కలోకి వస్తుంది అంటే ఇదే.

లాభం లెక్క కూడా చూద్దాం. 200 రూపాయల పుస్తకం మీద కమీషన్ 70. అందులో పోస్టు ట్యాక్స్ తో 24, ప్యాకింగ్ 8, పేమెంట్ గేట్‌వే 4, విజయవాడ నుంచి తెప్పించిన ఖర్చు 5. మిగిలేది 29. కస్టమర్ కి పది శాతం డిస్కౌంట్ ఇస్తే 9 రూపాయలు. ఇంకా గది అద్దె, కరెంటు, మనిషి జీతం ఉన్నాయి. ఇదంతా ఉదాహరణ లెక్కే, కానీ పరిస్థితి ఇంచుమించు ఇలాగే ఉంటుంది. అందుకే "రెండు పుస్తకాలు కొంటే షిప్పింగ్ ఫ్రీ" అంటారు. రెండు పుస్తకాలకి పోస్టు, ప్యాకింగ్ రెట్టింపు అవవు, లాభం మాత్రం రెట్టింపు అవుతుంది.

ఒక ట్యాక్స్ మెలిక కూడా ఉంది. అచ్చు పుస్తకం మీద జీఎస్టీ లేదు. వినడానికి బాగుంది. కానీ కొరియర్ మీద, గోడౌన్ అద్దె మీద స్టోర్ వాడు కట్టిన 18 శాతం జీఎస్టీని ఫోన్ షాపు వాడు సర్దుబాటు చేసుకున్నట్టు పుస్తకాల వాడు చేసుకోలేడు. అది ఖర్చులోనే కలిసిపోతుంది.

ఇక క్యాష్ ఆన్ డెలివరీ. ఫ్లిప్‌కార్ట్ 2010 లో దీన్ని తెచ్చాక ఆన్‌లైన్ అంటే భయం పోయింది. కానీ పుస్తకం తలుపు దాకా వచ్చాక "వద్దు" అంటే రానూ పోనూ చార్జీలు స్టోర్ వాడి మీదే పడతాయి. 29 రూపాయల లాభంలో ఒక్క రిటర్న్ రెండు మూడు అమ్మకాల లాభాన్ని తినేస్తుంది. చిన్న స్టోర్లు యూపీఐ మాత్రమే తీసుకోవడానికి కారణం ఇదే.

ఉత్తరాంధ్ర గాలి, వాన, తుపాను

ఇది బెంగళూరు గోడౌన్ గైడ్ లో రాయరు. మనది సముద్రం దగ్గర ప్రాంతం, గాలిలో తేమ ఎక్కువ. కాగితం తేమ పీల్చి అట్ట వంకర తిరుగుతుంది, లోపల బూజు పడుతుంది. గదిలో తేమ 60 శాతం దాటకుండా చూసుకోవాలి. చెయ్యాల్సినవి పెద్ద ఖర్చువి కావు:

- రాక్ ని గోడకి ఆనించకుండా కనీసం అరచెయ్యి దూరం వదలాలి. గోడ చెమ్మ, చెదలు రెండూ అక్కడి నుంచే వస్తాయి.
- కింది అర నేలకి అర అడుగు పైన ఉండాలి. కట్టలు నేల మీద పెట్టకూడదు.
- సి రకం పుస్తకాలు నెలకోసారి దులపాలి. కదలని పుస్తకానికే పురుగు పడుతుంది.
- కలరా ఉండలు వేస్తే పుస్తకానికి ఆ వాసన పట్టేస్తుంది. అమ్మే పుస్తకాలకి సిలికా జెల్ పొట్లాలు నయం.

2014 అక్టోబర్ 12 న హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11 న తిత్లీ. రెండూ అక్టోబర్ లోనే వచ్చాయి. ఆ రోజుల్లో కరెంటు, నెట్, రోడ్డు అన్నీ పోయాయి. కాబట్టి అక్టోబర్, నవంబర్ లో పెద్ద స్టాక్ తెప్పించకపోవడం, కింది రెండు అరలు ఖాళీగా ఉంచడం, స్టాక్ లిస్ట్ క్లౌడ్ లో పెట్టుకోవడం తప్పనిసరి. దసరా తర్వాత సిరిమానోత్సవం రోజున కోట, మూడు లాంతర్ల వైపు బండి కదలదు. ఆ మంగళవారం డెలివరీ డేట్ ఇవ్వకపోవడమే తెలివి.

ఏ గాడ్జెట్స్ కావాలి?

మన సైట్ అసలు పని ఇదే కాబట్టి ఇది కూడా చెప్పేస్తాను.

- ఆటోఫోకస్ ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్: బార్‌కోడ్ స్కానర్ విడిగా కొనక్కర్లేదు. కానీ ఫిక్స్‌డ్ ఫోకస్ కెమెరా దగ్గరి బార్‌కోడ్ ని చదవదు. మెగాపిక్సెల్స్ కన్నా ఇది ముఖ్యం.
- థర్మల్ లేబుల్ ప్రింటర్: అడ్రస్ కి 203 డీపీఐ సరిపోతుంది. చిన్న బార్‌కోడ్ స్టిక్కర్లు వేయాలంటే 300 డీపీఐ చూడండి. థర్మల్ స్టిక్కర్ ఎండకి, వేడికి మాసిపోతుంది, కాబట్టి రోల్స్ చల్లని చోట ఉంచాలి.
- డిజిటల్ కాటా: ఒక్క గ్రాము తేడా చూపించేది. 300 గ్రాముల గీత మీద మీ లాభం ఉంది కాబట్టి దీనికి వెనకాడొద్దు.
- తేమ చూపించే మీటర్: చిన్నది, చవక. రాక్ ల మధ్యలో పెట్టండి, కిటికీ దగ్గర కాదు.

సాఫ్ట్‌వేర్ కి మొదటి వెయ్యి పుస్తకాల దాకా ఒక స్ప్రెడ్‌షీట్ చాలు.

ఇంతకీ విజయనగరంలో గోడౌన్ వర్కవుట్ అవుతుందా?

నా తీర్పు: అన్ని పుస్తకాలూ అమ్మే స్టోర్ అయితే అవదు. పబ్లిషర్లు దూరం, లాభం తక్కువ. కానీ గురజాడ, చాసో, కారా, పతంజలి పుట్టి పెరిగిన ప్రాంతం ఇది. ఇక్కడి రచయిత రాసిన పుస్తకం విజయవాడలోనో హైదరాబాద్ లోనో అచ్చయి, అక్కడి గోడౌన్ లో కూర్చుని, సాలూరు పాఠకుడికి పది రోజులకి చేరుతోంది. ఉత్తరాంధ్ర పుస్తకాలు ఒక ఐదారు వందల టైటిల్స్ ఒక్కో కాపీ ఇక్కడే ఒక గదిలో పెట్టుకుని, మిగతావి వారానికి ఒకసారి విజయవాడ నుంచి ఆర్టీసీ కార్గోలో ఒకే కట్టగా తెప్పించుకునే స్టోర్ అయితే నడుస్తుంది. ఒకే కట్ట కాబట్టి ఒక్కో పుస్తకం మీద రవాణా ఖర్చు తగ్గుతుంది. కస్టమర్ కి కూడా "శుక్రవారం ఆర్డర్ పెడితే వచ్చే బుధవారం" అని కచ్చితంగా చెప్పొచ్చు. ఆలస్యాన్ని పాఠకుడు భరిస్తాడు. ఎప్పుడొస్తుందో తెలియకపోతేనే రెండోసారి రాడు.

ఇక కొనేవాళ్ళకి నా సలహా. బెస్ట్ సెల్లర్ అయితే పెద్ద మార్కెట్‌ప్లేస్ లో, గోడౌన్ నుంచి పంపే సెల్లర్ దగ్గర తీసుకోండి. చిన్న పబ్లిషర్ పుస్తకమైతే ముందు పబ్లిషర్ కే ఒక వాట్సాప్ మెసేజ్ పెట్టి కాపీ ఉందా అని అడగండి. మూడు నాలుగు పుస్తకాలు కలిపి ఒకేసారి తెప్పించుకోండి. ముందే డబ్బు కట్టండి, తలుపు దాకా వచ్చాక వెనక్కి పంపకండి. రెండొందల పుస్తకం మీద తొమ్మిది రూపాయలు మిగిలే వ్యాపారాన్ని నిలబెట్టేది ఈ చిన్న చిన్న విషయాలే.